నాన్న కారు షెడ్డు, అమ్మ గది: ప్రాజెక్టు డైరీ

మార్చి 30

కాకినాడలో మా ఇల్లు నాన్న 1995లో కట్టించారు. కింద రెండు గదుల వాటా, పక్కనే కారు షెడ్డు, పైన మేము. జనవరిలో అమ్మకి మోకాలి ఆపరేషన్ అయింది. డాక్టరుగారు మెట్లు తగ్గించమన్నారు. కింద వాటాలో పన్నెండేళ్ళుగా ఒకే కుటుంబం అద్దెకి ఉంటోంది, వాళ్ళ పిల్లలు అమ్మ చేతుల మీదే పెరిగారు. "వాళ్ళని లేపి నేను పడుకోలేనే" అంది అమ్మ. దాంతో మిగిలింది కారు షెడ్డే.

నాన్న అంబాసిడర్ అమ్మేసి చాలా ఏళ్ళయింది. షెడ్డులో ఇప్పుడు పాత మంచం, కొబ్బరి డొక్కలు, మా ఆయన స్కూటరు ఉన్నాయి. 1996 నవంబరు తుఫానులో మా వీధి చివరి పూరిళ్ళవాళ్ళు రెండు రాత్రులు ఇక్కడే తలదాచుకున్నారు. కాబట్టి ఈ షెడ్డులో మనుషులు పడుకోవడం ఇదే మొదటిసారి కాదు.

ఈరోజు టేపు పట్టుకుని కొలతలు తీశాను. పొడవు 18 అడుగులు, వెడల్పు 11. వీధి వైపు రోలింగ్ షట్టర్, తూర్పు గోడకి వెనక చివర ఒక చిన్న తలుపు, పైన శ్లాబు. మేడ మీద గది ఉంది కాబట్టి ఎండ నేరుగా పడదు. గచ్చు మాత్రం వెనక నుంచి వీధి వైపుకి 4 అంగుళాలు వాలుగా ఉంది. కారు కడిగిన నీళ్ళు బయటికి పోవడానికి నాన్న కావాలనే అలా వేయించారు.

ఏప్రిల్ 3

లైసెన్సు ఉన్న ఇంజనీరుగారు వచ్చి చూశారు. షెడ్డు సెట్‌బ్యాక్‌లో, అంటే ఇంటి చుట్టూ ఖాళీగా వదలాల్సిన చోట లేదు, ఇంటి శ్లాబు కిందే ఉంది. అయినా ప్లాన్‌లో పార్కింగ్ అని చూపించిన చోటు కాబట్టి సవరించిన ప్లాన్ గీసి కార్పొరేషన్‌లో అర్జీ పెట్టించారు. ఈలోగా గోడలు ముట్టొద్దు, శుభ్రం చేసుకోండి, పరీక్షలు చేసుకోండి అన్నారు. అపార్ట్‌మెంట్ల కింద సెల్లార్లలో ఇలా గదులు కట్టేస్తుంటారు. అక్కడ ఆ స్థలం అందరిదీ, ఈ పని అక్కడ చేయకూడదు.

ఎత్తు లెక్క వేశాం. షట్టర్ దగ్గర గచ్చు నుంచి శ్లాబు దాకా 10 అడుగుల 2 అంగుళాలు. మనుషులు ఉండే గదికి కనీసం 2.75 మీటర్ల ఎత్తు ఉండాలని నేషనల్ బిల్డింగ్ కోడ్ చెబుతుంది. అంటే 9 అడుగుల పైచిలుకు. షట్టర్ దగ్గర నేలని ఒక అడుగు లేపితే 9 అడుగుల 2 అంగుళాలు మిగులుతుంది. వెనక వైపు 8 అంగుళాలు లేపితే చాలు. దీంతో ఫాల్స్ సీలింగ్ ఆశ అప్పుడే వదిలేశాం.

ఏప్రిల్ 6

నేను జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. ఏ పనికైనా ముందు పరీక్ష పెట్టి చూడటం అలవాటు. రాత్రి గచ్చు మీద రెండడుగుల చదరం పాలిథీన్ షీటు పరిచి, నాలుగు అంచులకీ టేపు గట్టిగా అంటించాను.

పొద్దున్న ఆరింటికి టార్చి వేసి చూస్తే షీటు లోపలివైపంతా సన్నటి నీటి బొట్లు. తీసి చేత్తో తడిమితే ఆ చదరం మేర గచ్చు ముదురు బూడిద రంగులోకి మారి చల్లగా తగిలింది. చుట్టూ మిగతా గచ్చు మామూలుగా, పొడిగానే ఉంది. అంటే రోజూ భూమిలోంచి చెమ్మ పైకి వస్తూనే ఉంది. షట్టర్ సందుల్లోంచి గాలి ఆడుతుండబట్టి ఎప్పటికప్పుడు ఆరిపోతోంది. రేపు మనం గోడ కట్టి, కిటికీ బిగించి, పైన టైల్స్ వేస్తే ఆ చెమ్మ ఎక్కడికి పోతుంది? గోడలెక్కుతుంది, అమ్మ పరుపెక్కుతుంది.

షెడ్డు కట్టేటప్పుడు లోపలి నీళ్ళు బయటికి పోతే చాలనుకుంటారు. ఇప్పుడు మాకు కావాల్సింది దానికి పూర్తిగా తిరగబడ్డ పని. టైల్స్ రంగు, కర్టెన్లు గురించి మాట్లాడుతున్న మా ఆయన్ని కిందికి పిలిచి ఆ బొట్లు చూపించాను. ఆ తర్వాత వారం రోజులు ఇంట్లో చెమ్మ తప్ప వేరే మాట లేదు.

ఏప్రిల్ 13

తూర్పు గోడకీ వెనక గోడకీ రెండున్నర అడుగుల ఎత్తు దాకా ప్లాస్టరింగ్ ఉబ్బి ఉంది. వేలితో నొక్కితే రాలుతోంది. కింద తెల్లటి పొడి, నాలిక మీద పెట్టుకుంటే ఉప్పు.

తాపీ మేస్త్రీ గారు వచ్చి, "వాటర్‌ప్రూఫ్ పెయింటు రెండు కోట్లు కొట్టేద్దామండి మేడంగారూ, మళ్ళీ కనపడదు" అన్నారు. చాలా ఇళ్ళలో అదే చేస్తారు. కానీ ఇటుకలోంచి వచ్చే చెమ్మకి ముందు దారి మూసేస్తే అది పెయింటు వెనకాలే పాకి ఇంకో రెండడుగులు పైకెక్కుతుంది. ఉప్పు కూడా దానితోపాటే. అందుకని మూడున్నర అడుగుల దాకా పాత ప్లాస్టరింగ్ మొత్తం కొట్టేద్దామన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "ఆయ్, అలాగైతే ఎండల్లో ఆరనివ్వాలండి మరి. తొందరపడకూడదు" అన్నారు. ఆ మాట అన్నాక ఆయన మీద గురి కుదిరింది.

పర్మిషన్ నిన్న చేతికొచ్చింది. ఈరోజు ఉలి, సుత్తి పట్టుకుని మా ఆయనా నేనూ కలిసి తూర్పు గోడ సగం ఒలిచాం. ఇటుకల మధ్య సందుల్ని అర అంగుళం లోతు గీకి, పొడి బ్రష్షుతో ఉప్పు దులిపాం. ఇక్కడ నీళ్ళతో కడగకూడదు. కడిగితే ఉప్పు కరిగి మళ్ళీ ఇటుకలోకే పోతుంది.

ఏప్రిల్ 16

ఈ ఉప్పంతా భూమిలోంచే వచ్చిందా, లేక ఇల్లు కట్టినప్పుడు వాడిన నీళ్ళలోంచా? అమ్మని అడిగితే, "అప్పుడు బోరు నీళ్ళేనే, మునిసిపల్ కుళాయి మనకి తర్వాత వచ్చింది" అంది. బోరు నీళ్ళు ఒక సీసాలో, కుళాయి నీళ్ళు ఇంకో సీసాలో పట్టుకుని కాలేజీ ల్యాబుకి వెళ్ళాను. పొటాషియం క్రోమేట్ వేసిన పసుప్పచ్చ నీళ్ళలో సిల్వర్ నైట్రేట్ చుక్కచుక్కగా వదిలి, ఇటుక రంగు మొదటిసారి నిలబడే దాకా చూశాను. మూడుసార్లు చేస్తే సగటున మా బోరు నీళ్ళలో లీటరుకి 1,240 మిల్లీగ్రాముల క్లోరైడు తేలింది. ఇనుప చువ్వలుండే కాంక్రీటుకి వాడే నీళ్ళలో 500 మించకూడదని కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. కుళాయి నీళ్ళు ఆ హద్దుకి చాలా దిగువనే ఉన్నాయి.

ఇక ఈ పనికి బోరు నీళ్ళు ఒక్క బకెట్టు కూడా వద్దన్నాను. మాలు (సిమెంటు, ఇసుక ముద్ద) కలపడానికీ, కట్టాక తడిపి ఉంచే క్యూరింగుకీ కూడా కుళాయి నీళ్ళే, చాలని రోజు మంచినీళ్ళ ట్యాంకరు. మేస్త్రీ గారు ఖర్చవుతుందన్నారు. సముద్రం పక్కన ఇల్లు కట్టుకునేవాళ్ళు ఈ ఒక్క ఖర్చుకీ వెనకాడకూడదని నా గట్టి నమ్మకం.

ఏప్రిల్ 20

ఈరోజంతా డ్రిల్లింగే. గోడల పునాది దగ్గర చెమ్మని ఆపే పొర లేదు, లేదా ఉన్నది పాడైపోయింది. ఇప్పుడు గోడ తీసి పొర వేయలేం కదా. అందుకని కొత్త నేల మట్టానికి కాస్త కిందగా వచ్చే ఇటుకల వరస చూసుకుని, మాలు సందులో అయిదేసి అంగుళాల లోపు దూరంలో 12 ఎంఎం బొక్కలు వేసి, సిలేన్ క్రీము గన్నుతో నింపాలి. అది ఇటుక రంధ్రాల్లోకి పాకి నీటిని అంటనివ్వకుండా చేస్తుంది.

రెండు గోడలూ కలిపి 29 అడుగులు. 73 బొక్కలు వేశాను. తొమ్మిదంగుళాల గోడలో ఎనిమిది అంగుళాలు దిగాలి. డ్రిల్లు బిట్టుకి ఎర్ర టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకున్నాను. మొదటి పదింటికి చేతులు వణికాయి, తర్వాత అలవాటైంది. బిట్టు మాలులో ఉన్నప్పుడు బూడిద రంగు పొడి, పక్కకి జారి ఇటుకలోకి వెళ్తే ఎర్ర పొడి. పొడి రంగు చూస్తూ దారి సరిచేసుకోవడం 30వ బొక్క దగ్గర తెలిసింది.

ఏప్రిల్ 27

మేస్త్రీ గారు సన్న ప్లాస్టిక్ పైపులో నీళ్ళు నింపి నాలుగు మూలలా ఒకే మట్టం పట్టి, గోడల మీద కొత్త నేల గీత కొట్టారు. గీత చూశాక ఒక సంగతి బయటపడింది. తూర్పు తలుపు ఎత్తు పాత గచ్చు నుంచి ఆరున్నర అడుగులు. అక్కడ నేల 8 అంగుళాలు లేస్తే మిగిలేది 5 అడుగుల 10 అంగుళాలు. మా ఆయన వంగి వెళ్ళాలి. ఇంజనీరుగారూ చూసుకోలేదు, నేనూ చూసుకోలేదు. ఎలాగూ వాకర్ పట్టడానికి తలుపు వెడల్పు చేయాలనుకున్నాం కాబట్టి, గోడకి ఊతలు పెట్టి, తలుపు మీద గోడని మోసే పాత లింటెల్ తీసి, పైకి కొత్తది వేయించాం. రెండు రోజులు, అనుకోని ఖర్చు. నేల లేపే పని పెట్టుకున్నవాళ్ళు తలుపులు, కిటికీలు, స్విచ్చు బోర్డులు అన్నీ కొత్త గీత నుంచే కొలుచుకోండి.

మే 4

గుల్ల సున్నం (నత్తగుల్లలు కాల్చి చేసేది) దొరికింది! ఒలిచిన గోడకి సిమెంటు ప్లాస్టరింగ్ మళ్ళీ వేయాలని నాకు లేదు. సున్నమైతే గోడ ఊపిరి పీలుస్తుంది. లోపల మిగిలిన చెమ్మ మెల్లగా బయటికి ఆరిపోతుంది. మేస్త్రీ గారి నాన్నగారు గానుగ సున్నంతో పని చేసినవారట, అందులో బెల్లం నీళ్ళు, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు కలిపేవారట. ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన ముఖం వెలిగిపోయింది.

పెరట్లో ఇనుప డ్రమ్ములో సగం నీళ్ళు పోసి, కళ్ళద్దాలు, రబ్బరు గ్లవుసులు వేసుకుని కాల్చిన గుల్లని కొంచెం కొంచెంగా వేశాను. ఎప్పుడూ సున్నాన్నే నీళ్ళలో వేయాలి, సున్నం మీద నీళ్ళు పోయకూడదు. మొదట ఏమీ జరగలేదు. నిమిషం తర్వాత గుల్లలు పగుళ్ళిచ్చి, కుతకుతమని ఉడకడం మొదలైంది. ఆవిరి మొహానికి కొట్టింది. డ్రమ్ము బయట చెయ్యి పెట్టలేనంత వేడి. క్లాసులో ఎన్నేళ్ళుగానో బోర్డు మీద రాస్తున్న సమీకరణం ఇది. అమ్మ మేడ మీద పిట్టగోడ పట్టుకుని చూస్తూ, "దూరంగా నుంచో అమ్మాయ్" అని అరుస్తూనే ఉంది. చల్లారాక వెన్నలా అయింది. పైన వేలెడు నీళ్ళు నిలిపి మూత పెట్టాను. మూడు వారాలు నానాలి.

మే 11

నేల పని. షట్టర్ తీసేసిన చోట కొత్త గోడకి ముందు పునాది కావాలి. గచ్చు మీదే కట్టేస్తే కుంగుతుంది. రెండడుగులు తవ్వి, కాంక్రీటు వేసి, పైన నాలుగు 12 ఎంఎం చువ్వలతో ప్లింత్ బీము (గోడని మోసే కాంక్రీటు దూలం) పోశారు. వెనక పెరట్లో సెప్టిక్ ట్యాంకు 15 అడుగుల దూరం. కమోడ్ పైపుకి ఆ దూరంలో 3 అంగుళాల వాలు సరిపోయింది. నేల లేపుతున్నాం కాబట్టి పైపులన్నీ పాత గచ్చు పగలగొట్టకుండానే దాని మీదుగా వెళ్ళిపోయాయి.

తర్వాత గోదావరి ఇసుక పోసి, తడిపి, దిమ్మిసా కొట్టారు. దాని మీద 250 మైక్రాన్ల నల్ల షీటు, అతుకు దగ్గర ఒక అడుగు మీదకి మీద వేసి టేపు వేశాం. అంచులు గోడ మీదికి, నేను క్రీము నింపిన వరస దాకా మడిచాం. ఈ మడత నేనే దగ్గరుండి చేశాను. అక్కడ వదిలేస్తే కిందా పైనా చేసిన పనంతా వృథా. పైన 4 అంగుళాల కాంక్రీటు. ఏడు రోజులు మడి కట్టి నీళ్ళు నిలబెట్టాం.

ఇసుక పోసే ముందు అమ్మ మెల్లగా దిగొచ్చింది. గచ్చు మధ్యలో అంబాసిడర్ ఇంజన్ ఆయిలు కారి ఏర్పడ్డ నల్ల మచ్చ ఉండేది, పళ్ళెమంత. చేతికర్రతో దాని చుట్టూ ఒకసారి గీసి, "పోయండి" అంది.

మే 25

రోహిణి కార్తె మొదలు. గోడలు అయిదు వారాలుగా ఆరుతున్నాయి, దులిపితే ఉప్పు రాలడం దాదాపు ఆగింది. ఒక పాలు సున్నం, మూడు పాళ్ళు ఇసుక కలిపి మొదటి పూత వేశాం. ఈ ఎండకి పూత గబగబా ఆరితే బీటలిస్తుంది. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడు పీల్చుకుని నిదానంగా గట్టిపడాలి, దానికి తడి కావాలి. తడి గోనె సంచులు వేలాడదీసి రోజుకి నాలుగుసార్లు నీళ్ళు చల్లాం. ఈ గోడల కింది భాగానికి పుట్టీ, ప్లాస్టిక్ ఎమల్షను ఏడాది దాకా వేయం. సున్నం వెల్లే.

ముందు గోడ తేలిక బ్లాకులతో లేచింది. వీధి వైపు కిటికీ 6 అడుగులు, నాలుగున్నర అడుగులు. బాత్రూం పోగా గది సుమారు 163 చదరపు అడుగులు. ఉక్కపోత ఉండే ప్రాంతంలో గాలి వెలుతురుకి నేలలో ఆరో వంతు తెరుచుకునేలా ఉండాలి, అంటే 27 చదరపు అడుగులు. కిటికీ సరిగ్గా అంతే. తూర్పున ఇంకో చిన్న కిటికీ ఉంటేనే గాలి ఆడుతుందని అదీ పెట్టించాను.

జూన్ 8

దెబ్బ తగిలింది. ముందు గోడ పాత ఇటుక గోడని కలిసే చోట రెండు వైపులా పైనుంచి కిందికి సన్నటి బీట. బ్లాకు ఒకలా, ఇటుక ఒకలా సాగి ముడుచుకుంటాయి. ఆ అతుకు మీద కోడి మెష్ (సన్నటి తీగల జాలీ) వేసి ప్లాస్టరింగ్ చేయాలి. ఆ రోజు మెష్ రాలేదని, మేస్త్రీ గారు రేపు చేద్దామన్నా నేనే తొందరపెట్టాను. తప్పు నాదే. ఇవాళ అతుక్కి అటూ ఇటూ ఆరేసి అంగుళాలు కోసి, మెష్ మేకులతో బిగించి మళ్ళీ పూశాం. ఆయన ఒక్క మాట కూడా అనలేదు.

జూన్ 22

వైరింగ్ సాఫీగా అయింది. లైట్లకి 1.5, పెద్ద సాకెట్లకి 2.5, ఏసీకి 4 చదరపు ఎంఎం తీగలు, బాత్రూం గీజరు ఉంది కాబట్టి కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చు తప్పనిసరి. సాకెట్లు రెండడుగుల ఎత్తులో పెట్టించాం, అమ్మ వంగక్కర్లేకుండా. మంచం పక్కన నొక్కితే పైన మా గదిలో బెల్లు మోగుతుంది.

బాత్రూం 7 అడుగులకి 5. దీని మీద నాకు గట్టి అభిప్రాయాలున్నాయి. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల మనిషి పడిపోతే లోపలికి తెరిచే తలుపుని ఆ మనిషే అడ్డుకుంటుంది. గడప ఉండకూడదు. ఇక్కడ గదికీ బాత్రూముకీ అర అంగుళం తేడా, మిగతాదంతా వాలుతోనే. కమోడ్ పక్క గోడ మాత్రం తేలిక బ్లాకులు కాకుండా ఇటుకతో కట్టించాను. ఎందుకంటే లేచేటప్పుడు పట్టుకునే రాడ్డు మీద ఒంటి బరువంతా పడుతుంది, మేకులు ఇటుకలో పట్టినట్టు ఆ బ్లాకులో పట్టవు. బిగించాక మా ఆయన రెండు చేతులా పట్టుకుని వేలాడి చూశారు. వాటర్‌ప్రూఫింగ్ తర్వాత రెండు రోజులు నీళ్ళు నిలబెట్టి చూశాకే టైల్స్ వేశాం. గదిలోనూ బాత్రూంలోనూ మ్యాట్ టైల్స్, మెరిసేవి వద్దని.

జూలై 6

ర్యాంపు. తూర్పు సందులో నేల కన్నా గది నేల 14 అంగుళాలు ఎత్తు. అంగుళం ఎత్తుకి అడుగు పొడవు లెక్కన 14 అడుగులు కావాలి. గుమ్మం దగ్గర వాకరు తిప్పుకోవడానికి 4 అడుగుల చదును. మొత్తం 18, సరిగ్గా షెడ్డు గోడ పొడవు. ఇంత చక్కగా కుదురుతుందని ఎవరం అనుకోలేదు. పైభాగం గరుకుగా ఉండేలా చీపురుతో అడ్డంగా గీతలు గీయించాం, గోడ వైపు రెయిలింగ్ పెట్టాం. అమ్మ వాకరు పట్టుకుని వీధి గేటు దగ్గర్నుంచి ఎక్కింది. సగంలో ఆగి మేస్త్రీ గారిని చూసి, "నాయనా, కాలు జారట్లేదు" అంది. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు.

జూలై 20

నాలుగు రోజులుగా ముసురు. సందులో చీలమండ దాకా నీళ్ళు నిలిచాయి. అమ్మ ఈ గదిలో పడుకోవడం మొదలుపెట్టి వారమైంది. మొన్న రాత్రి గదిలో మంచం పక్కన టైల్స్ మీదా, తూర్పు గోడ కింద సున్నం పూత మీదా పాలిథీన్ షీట్లు అంటించాను, ఏప్రిల్‌లో చేసినట్టే.

నిన్న పొద్దున్న చూస్తే నేల మీద షీటు పొడిగా ఉంది, ఒక్క బొట్టు లేదు. గోడ మీద షీటుకి వెనక మూలలో కొంచెం మసక పట్టింది. చేత్తో తుడిస్తే పోయింది. కొత్త సున్నం పూతలో ఇంకా తడి ఉంటుంది, అదీ కావచ్చు, పాత చెమ్మ మిగిలినదీ కావచ్చు. నెలకోసారి ఇదే చోట షీటు పెట్టి రాసుకుంటాను. ఇంకా బయటి వైపు రెండో రెయిలింగ్ పెట్టాలి, బాత్రూంలో ఎగ్జాస్ట్ ఫ్యాను రావాలి, తూర్పు కిటికీకి దోమల మెష్ బిగించాలి.

నేను గోడ దగ్గర కూర్చుని షీటు అంచులు మళ్ళీ అంటిస్తుంటే, అమ్మ కిటికీ తెరిచి తోటకూర బండిని ఆపి బేరం ఆడుతోంది. రెండు కట్టలు లోపలికి అందుకుని నా వైపు తిరిగి, "ఆ కవరు తర్వాత పెట్టుకోవచ్చు గానీ, చిల్లర ఇవ్వవే" అంది.